వేడినీళ్ళ గ్లాసు

ధర్మవరంలో మా వీధికి వచ్చే మోర్మన్ అనే క్రైస్తవ శాఖ ప్రచారకుడు పందొమ్మిదేళ్ళవాడు. టీ తాగడం వాళ్ళ మతం ఒప్పదట. అవ్వ ఇచ్చే వేడినీళ్ళు ఊదుకుంటూ తాగి, మా మగ్గం మీది పట్టుదారాలను వేళ్ళతో నిమిరి మురిసిపోయేవాడు.

జబ్బుతో ఉన్న అతని తండ్రి గురించి ఒక బుధవారం అవ్వ అడిగింది: "మీ నాయనకు ఎట్లుండాదప్పా?"

"సోమవారం పోయారవ్వా. రెండేళ్ళ మతసేవలో ఉన్నాను కదా, మధ్యలో ఇంటికి వెళ్ళలేదు."

"మైలతో మగ్గం ముట్టుకుంటావా? బయటికి పో!"

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేస్తున్న నేను ఒక్క మాటా అనలేదు.

శనివారం గడప బయటే నిలబడ్డాడు. "మైల ఎన్నాళ్ళవ్వా?"

"పదకొండు దినాలు."

పన్నెండో రోజు అవ్వ నీళ్ళు కాచి వాకిట్లో కూర్చుంది. ముందురోజే అతన్ని వేరే ఊరికి మార్చారని నాకు తెలుసు. అప్పుడూ నోరు విప్పలేదు.