సదరన్ అంటే మన సౌతే అనుకున్నాను

ఆ రోజుల్లో ఎవరేమడిగినా ముందు అవుననేసి, దాని అర్థమేమిటో తర్వాత వెతుక్కునేవాణ్ని. సిడ్నీకి కొత్త. గిరావీన్‌లో నలుగురు కుర్రాళ్లం ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నేను చదివింది కంప్యూటర్లు, దొరికింది గోదాములో అట్టపెట్టెలు సర్దే పని. కాదంటే అదీ పోతుందేమోనని భయం. మా సూపర్‌వైజర్‌కి బొడ్డుదాకా తెల్లగడ్డం ఉండేది కాబట్టి ఆయన్ని గడ్డం తాత అనేవాణ్ని (ఎదురుగానే అనేవాణ్ని, ఆయనకు తెలుగు రాకపోవడం నాకు పెద్ద సౌకర్యం). ఒకరోజు టీ తాగుతూ, "పాటలు వింటావా, మేట్?" అన్నాడు. వింటానన్నాను. "సదరన్ ఇష్టమేనా?" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. ఇంత దూరదేశంలో ఒక తెల్లాయన మన సౌత్ పాటల గురించి అడగడమా! "నేను పుట్టి పెరిగింది సౌత్‌లోనే సార్, మా ఇంటిల్లిపాదీ సదరనే వింటాం" అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి నా భుజం పట్టుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మన పాటలంటే అంత ప్రాణమా అనుకున్నాను. "శనివారం ఆర్వో మా ఇంటికొచ్చెయ్" అన్నాడు (ఆఫ్టర్‌నూన్‌ని ఇక్కడివాళ్లు అలా కుదించి పారేస్తారు).

మా ఇంట్లో ఒంగోలు బావ అని ఒకడుండేవాడు. నిజానికి ఎవరికీ బావ కాదు, అందరిచేతా అలా పిలిపించుకునేవాడు. వాడు సంగతి విని, "ఒరేయ్, తెల్లోడు మన పాటలు వింటాడంటే మాటలా! ఉత్త చేతుల్తో పోబాక. పులిహోర కలిపిస్తా, బాక్సులో ఏసుకుని పో" అన్నాడు. అలా ఒక చేతిలో పులిహోర, ఇంకో చేతిలో సినిమా పాటలు నింపిన ఫోను పట్టుకుని వెళ్లాను. తాత నన్ను కారు షెడ్డులోకి తీసుకెళ్లాడు. కారు లేదు. కింద పాత తివాచీ, మనిషెత్తు స్పీకర్లు రెండు, రికార్డు తిప్పే యంత్రం, అప్పటికే కూర్చుని ఉన్న ఇద్దరు ముసలి స్నేహితులు. తాత ఒక రికార్డును పురిటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో బయటికి తీశాడు. అట్ట మీద ఎండిన పొలం, తుప్పుపట్టిన లారీ, దాని ముందు జుట్టు పెంచిన గిటార్ మనుషులు. అప్పుడు వెలిగింది నాకు. ఇది అమెరికావాళ్ల దక్షిణం, వాళ్ల రాక్ సంగీతం. మన దక్షిణానికీ దానికీ మధ్య సముద్రాలున్నాయి.

ఏదో వంక చెప్పి జారుకుందామని చూస్తుంటే, స్నేహితుల్లో సన్నగా ఉన్నాయన నన్ను గుమ్మం దగ్గరికి లాగాడు. "వాడి ఊపిరితిత్తులు పోయాయి. ఈ చలికాలం దాటడం కష్టమన్నారు. ఈ ఆల్బమ్ మా ముగ్గురితోనే పోతుందని వాడి దిగులు. కొడుక్కి ఈ పాటలంటే పడదు, అసలు తండ్రంటేనే పడదు. నువ్వు దొరికావని వారం రోజులుగా నిద్రపోలేదు" అన్నాడు. ఇక సౌత్ సంగతి ఎలా విప్పను? వెనక్కొచ్చి తివాచీ మీద కూర్చున్నాను.

మొదటి వైపంతా నాకు ఎవరో లారీ స్టార్టవక తంటాలు పడుతున్నట్టే వినిపించింది. వాళ్లు మాత్రం ఎడమ స్పీకర్లో ఎవరు, కుడి స్పీకర్లో ఎవరు వాయిస్తున్నారో వేలు చూపించి మురిసిపోతున్నారు. చివరి పాటకు ముందు, రికార్డు చేసేటప్పుడు స్టూడియోలో ఎవరో దగ్గారట, అది వీళ్లకు మహాప్రసాదం. ఆ చోటు రాగానే దగ్గు వినిపించింది. అది రికార్డులోదో, తాతదో తేల్చుకోలేక ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆ పాట మొదలైంది. ఒక గిటారు నెమ్మదిగా ఏడ్చింది, రెండోది దాన్ని ఓదార్చింది, మూడోది వచ్చి ఇద్దర్నీ వెంటబెట్టుకుని పైపైకి వెళ్లిపోయింది. ఒట్టు, నాకు నచ్చింది. కళ్లు మూతలు పడ్డాయి, కచేరీలో కూర్చున్నవాడిలా తల అటూ ఇటూ ఊగిపోయింది. ఉన్నట్టుండి పాట ఆగింది. కళ్లు తెరిస్తే తాత ముల్లు ఎత్తేసి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పర్లేదు, మేట్. నచ్చాలని రూలేం లేదు."

"నచ్చింది సార్, చాలా నచ్చింది!"

"అబద్ధాలొద్దు. ఇందాకట్నుంచి కాదు కాదని తలూపుతూనే ఉన్నావు."

మా వైపు మనసుకు ఎక్కితేనే అలా ఊపుతామని చెప్పడానికి నాకున్న ఇంగ్లీషంతా ఖర్చయింది. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకుని, పాట మళ్లీ పెట్టి, మెడలు అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టారు. సన్నటాయనకు మెడ పట్టేసింది. రెండో ఆయన పులిహోరలో ఎండుమిరపకాయ నమిలి వీధిలోకి పరుగెత్తాడు. తాత నవ్వీ నవ్వీ దగ్గాడు. జేబురుమాలు ఎర్రబడితే మడిచి జేబులో దాచేశాడు. నేను చూడనట్టే ఉన్నాను.

ఆ చలికాలం శనివారాలన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి. తర్వాత తాత ఆసుపత్రికి మారాడు. మూతికి మాస్కు, మాట లేదు. నేను వెళ్లేసరికి కొడుకు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోను దిండు పక్కన పెట్టి ఆ చివరి పాట వేశాను. కాసేపటికి తాత తల దిండు మీద అటూ ఇటూ కదిలింది. కొడుకు గబగబా వచ్చి ఫోను ఆపేశాడు.

"వద్దంటున్నాడు, కనపడ్డం లేదా? వద్దనడమొక్కటే ఆయనకు తెలుసు. నేను గదిలో అడుగుపెట్టినప్పుడూ అలాగే తలూపాడు."

"సార్, అది వద్దనడం కాదు. నా దగ్గర నేర్చుకున్నాడు. నచ్చితే అలా ఊపుతాం. మిమ్మల్ని చూసి కూడా అలా ఊపాడా?"

అతను తండ్రి వైపు తిరిగాడు. పాట తనే మళ్లీ పెట్టి, మంచం అంచున కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. తాత తల మళ్లీ కదిలింది. తెల్లారేసరికి ఆయన పోయాడు.

మిగిలిన ఇద్దరూ కూడా ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. నేను కెల్లీవిల్‌లో ఇల్లు కొనుక్కున్నాను, కంప్యూటర్ ఉద్యోగంలో తల నెరుస్తోంది. ఆ పాట పెడితే మా అమ్మాయి "నాట్ దిస్ అగైన్, డాడ్!" అని తలుపేసుకుంటుంది. పులిహోర డబ్బాతో రాక్ సంగీతానికి బయల్దేరిన ఆ వెర్రివాణ్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. పాట మంచి చోటికొచ్చినప్పుడు, ఆ ముగ్గురికీ నచ్చిందా అని అలవాటు కొద్దీ పక్కకి తిరిగి చూస్తాను.