సుగుణ ఆంటీ అతుకులు

సుగుణ ఆంటీ ఇంట్లో రోజూ వినిపించే మాట ఎంగిలి. గ్లాసు పెదవికి తగిలితే ఎంగిలి. గరిటెతో రుచి చూస్తే ఎంగిలి. భర్త యోగానంద్ అంకుల్‌కి పెళ్ళైన నాటి నుంచీ వేరే గ్లాసే. తెనాలి నుంచి ఎడ్మంటన్ వచ్చి ఎన్నేళ్ళయినా ఈ ఒక్క పద్ధతి చెక్కు చెదరలేదు. ఒకసారి పక్కింటి కుక్క ఆవిడ చెయ్యి నాకింది. కుక్కకేమీ కాలేదు గానీ, మైనస్ ముప్ఫై చలిలో ఆవిడ తలస్నానం చేసి జలుబు తెచ్చుకున్నారు.

నేను వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంట్‌ని. పేరు రూప, మాది జగిత్యాల. మేమంతా గుంపులు గుంపులుగా కెనడాలో దిగుతున్న రోజులవి. ఏ కాఫీ షాపులోనైనా ఒక్క మనిషి కావాలంటే రెజ్యూమెలు పట్టుకుని బిల్డింగ్ చుట్టూ లైన్ కట్టేవాళ్ళం. అలాంటి లైన్‌లో నిలబడి సంపాదించిన ఉద్యోగం నాది. ఊరికి అవతలి చివర బేకరీలో, తెల్లవారుజాము షిఫ్టు. ఒక రోజు బస్టాపులో నా వేళ్ళు తెల్లగా పాలిపోయి మొద్దుబారాయి. ఇంకోసారి ఇలా అయితే వేళ్ళు దెబ్బతింటాయని డాక్టరు చెప్పాడు. బేకరీ పక్కన మన అమ్మాయిలుండే అపార్ట్‌మెంట్‌లో ఒక పరుపు ఖాళీ ఉందని తెలిసి, నెలాఖరుకి వెళ్ళిపోతానని ఆంటీకి చెప్పాను.

"చలికేగా? దాని సంగతి నేను చూస్తాలే" అన్నారు ఆవిడ.

ఆవిడకి పిల్లల్లేరు. నాకంటే ముందు బేస్‌మెంట్‌లో ఉన్న అమ్మాయిలు వెళ్ళిపోయిన ప్రతిసారీ కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడేవారు కాదట. ఆ విషయం అంకుల్ చెప్పారు. నేను వెళ్ళడం ఆవిడకి బొత్తిగా ఇష్టం లేదు.

లైబ్రరీలో నాల్‌బైండింగ్ నేర్పుతున్నారని తెలిసి ఆంటీ చేరారు, నన్నూ లాక్కెళ్ళారు. స్వెటర్లల్లే పద్ధతి కంటే ఇది చాలా పాతదట. రెండు పుల్లలుండవు, ఎముకతో చేసిన మొద్దు సూది ఒక్కటే. ఉన్ని దారాన్ని బొటనవేలి చుట్టూ తిప్పి, ముందు వేసిన ఉచ్చుల్లోంచి సూది దూర్చి, దారం మొత్తం బయటికి లాగాలి. ఇలా కట్టినది కత్తిరించినా విప్పుకుపోదట. "నాకు కావలసింది ఇదే" అన్నారు ఆంటీ. మొదటి రోజు తన చున్నీని కూడా కలిపి కుట్టేసుకున్నారు. అది నిజంగానే విప్పుకుపోలేదు.

అసలు చిక్కు అతుకు దగ్గర వచ్చింది. ప్రతి కుట్టుకీ దారమంతా లాగాలి కాబట్టి బారెడు ముక్కలే వాడాలి. ఒక ముక్క అయిపోగానే ఇంకోటి అతికించాలి. టీచరు ఆస్ట్రిడ్, నార్వే నుంచి వచ్చిన కుటుంబంలోని పెద్దావిడ. రెండు దారాల కొసలనీ ఒకదాని మీద ఒకటి పెట్టి, నోట్లో తడిపి, అరచేతుల మధ్య గట్టిగా రుద్దారు. దారం ఒక్కటైపోయింది. అతుకెక్కడో ఆవిడే వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆంటీ నా వైపు వంగి, "రూపా, ఈవిడ ఉమ్ముతోంది" అన్నారు, వార్తలు చదివినట్టు.

నీళ్ళతోనైనా అతకొచ్చు, కాస్త తడి చాలు, ఎక్కువైతే పట్టదు అన్నారు ఆస్ట్రిడ్. తర్వాతి క్లాసుకి ఆంటీ దేవుడి గదిలోంచి పంచపాత్ర, ఉద్ధరిణి పట్టుకొచ్చారు. కాస్త అనేది ఆ చేతికి తెలియదు. ఉద్ధరిణితో పోస్తే దారానికి అభిషేకమే. రుద్దుతుంటే మోచేతుల దాకా నీళ్ళు కారేవి. అయినా పైకి అతికినట్టే ఉండేది.

ఎలాగైతేనేం, నెలాఖరుకి ముందే నా రెండు చేతులకీ తొడుగులు తయారయ్యాయి. వెచ్చగా, బరువుగా, వేళ్ళన్నీ ఒక సంచీలో, బొటనవేలు విడిగా. వెళ్ళే ఆలోచన మానుకుందామనే అనుకున్నాను. రెండో రోజే బస్టాపులో పాస్ తీయబోతే కుడి చేతి బొటనవేలి తొడుగు ఊడి మంచులో పడింది. ఆస్ట్రిడ్ అబద్ధం చెప్పలేదు, కుట్లు ఒక్కటీ విప్పుకుపోలేదు. ఊడింది అతుకు. బస్సొచ్చేసరికి నా బొటనవేలు మళ్ళీ తెల్లబడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి ఆ ముక్కనీ, తొడుగునీ ఆవిడ ముందు పెట్టాను. "నా చెయ్యి పోయేటట్టుంది ఆంటీ. నేను పోతున్న" అన్నాను. నేను సామాను సర్దుకున్నాను.

వెళ్ళే రోజు అంకుల్ బయట కారు వేడి చేస్తున్నారు. నేను సూట్‌కేసుతో పైకొస్తుంటే ఆంటీ మెట్లకి అడ్డంగా కూర్చుని ఉన్నారు, నా కుడి చేతి తొడుగుకి బొటనవేలు మళ్ళీ కడుతూ. దారం అయిపోయింది. కొత్త ముక్క తీసుకుని రెండు కొసల వైపూ కాసేపు చూశారు. దగ్గర పంచపాత్ర లేదు. రెండు కొసలూ నోట్లో పెట్టుకుని తడిపి, కళ్ళు మూసుకుని రుద్దారు.

"ఆంటీ, ఎంగిలి!" అన్నాను.

"సొంత పిల్లకి ఎంగిలేంటే? నోర్మూసుకుని చెయ్యిలా పెట్టు, వేలు కొలత చూడాలి."

చెయ్యి పెట్టాను. అతుకు నా వేలికి తడిగా, వెచ్చగా తగిలింది. ఆవిడ దారం లాగి చూశారు, నేనూ లాగి చూశాను. రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. బయట అంకుల్ హారన్ కొట్టారు.

నేను సూట్‌కేసు కింద పెట్టి, ఎడమ చేతి తొడుగు తీసి ఆవిడ ఒళ్ళో వేశాను.

"దీనికి కూడా నీళ్ళే పెట్టిండ్రు ఆంటీ. అన్నీ తీసి మళ్ళ అతకండి. నాకేం తొందర లేదు."