రుచి పోయిన ఒడిలోన్, దొంగలు పడిన బేరిచెట్టు

మా ఆయన ఒడిలోన్‌కి ఊళ్ళో స్నేహితులు తక్కువ. తప్పు ఊరిది కాదు. సైకిలు మీద తిరిగి ఉత్తరాలు పంచే ఉద్యోగం ఆయనది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు పెరటి బేరిచెట్టు వైపు చూసేవాడు, ఆ తర్వాతే ఉత్తరం తీసేవాడు. పాపం, వాళ్ళు మర్యాదకి ఒక పండు కోసిస్తే, తిని తీర్పు చెప్పేవాడు. "ఇది పండు కాదమ్మా, వానలో తడిసిన అట్టముక్క" అన్నాడు ఒకావిడతో. ఫాదరు గారి తోటలో పండు తిని, "దీన్ని చేసేటప్పుడు దేవుడికి కునుకు పట్టినట్టుంది" అన్నాడు. అప్పట్నుంచి ఆయన సైకిలు గంట వినిపిస్తే ఫాదరు గారు పక్కసందులోకి తిరిగేవారు.

ఒళ్ళు మండే విషయం ఏమిటంటే, ఆయన చెప్పింది ఎప్పుడూ నిజమే. బెల్జియంలో మా ఫ్లాండర్స్ పల్లెల్లో అందరికీ బేరిచెట్లున్నాయి కానీ, అందరికీ నాలుక లేదు. బేరి తిక్క పండు. కాయగా ఉండగానే కోసి, నేలమాళిగలో పేర్చి, రోజూ వెళ్ళి తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూడాలి. ఒకరోజు ముందు తింటే రాయి, ఒకరోజు ఆగితే బురద. ఆ మధ్యలో పట్టుకోవాలి. మా ఆయన ఏ రకానికి ఆ ఘడియ ఎప్పుడొస్తుందో తప్పకుండా చెప్పేవాడు. మా పెళ్ళిరోజు మాత్రం ఏటా మరిచిపోయేవాడు.

నా సంగతంటారా, నాకు బేరిపండంటే విరక్తి. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి మాళిగలో బేరి, వంటింట్లో బేరి, మంచం కింద బేరి. ఆయన చూడకుండా అరటిపండు తినే ఆడదాన్ని నేను.

ఊరి తోటల సంఘంలో ఆయనకి సమానమైన నాలుక ఇంకొక్కరికే ఉంది. వీధి చివరి లియోంటీన్‌కి. ఆవిడ గోడకి పాకించిన కోమీస్ రకం బేరిపళ్ళని మా ఆయన ఏటా సంఘంలో అందరి ముందూ సబ్బుబిళ్ళలనేవాడు. "నీ తాత కూడా తినుండడు ఇలాంటిది" అని ఆవిడా అనేది. ఈ కచేరీ వినడానికే సగంమంది సంఘానికి వచ్చేవాళ్ళు.

అన్నిటికంటే పెద్ద పిచ్చి ఇంకొకటుంది. ఆయన బేరిగింజలు నాటి మొక్కలు లేపేవాడు. గింజ నాటితే తల్లిచెట్టు పండు రాదు. ఏదో కొత్తది వస్తుంది, అది దాదాపు ఎప్పుడూ నోట్లో పెట్టుకోలేనిదే వస్తుంది. కాపు చూడ్డానికే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. కాసిన ప్రతి చెట్టు పండూ ఆయన కొరికాడు, ఉమ్మాడు, చెట్టుని నరికాడు. ఇతరుల పళ్ళకి ఒక న్యాయం, తనవాటికి ఒక న్యాయం లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. చివరికి ఒక్కటే మిగిలింది. బట్టలారేసే తీగ పక్కన, ఒళ్ళంతా ముళ్ళతో, నా దుప్పట్లు చింపుతూ ఇంటి చూరు దాటి పెరిగింది. కాయదు, చావదు.

ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాది చలికాలంలో ఆయనకి ఫ్లూ వచ్చింది. జ్వరం తగ్గింది, మనిషి లేచాడు. ఒకరోజు పొద్దున విరిగిపోయిన పాలు తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. కాఫీ కాస్త చల్లారితే ఇల్లు పీకి పందిరేసే మనిషి!

"ఏవయ్యా, అవి విరిగిన పాలు. తెలీట్లేదా?" అన్నాను.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "నాకేం తెలీట్లేదే, గోడెలీవ్. వాసనా లేదు, రుచీ లేదు. నాలుగు రోజులైంది. ఎవరికీ చెప్పకు" అన్నాడు.

రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. రాలేదు. సంఘంలో మాత్రం ఆయన ఎవరికీ దొరికిపోలేదు. పండు నొక్కేవాడు, నమిలేవాడు, పక్కవాళ్ళ మొహాలు చూసి "బాగుంది" అనేవాడు. జబ్బు చేశాక ఒడిలోన్ మంచివాడయ్యాడని ఊరంతా మురిసిపోయింది. ఫాదరు గారు ఆగి పలకరించడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఆ మంచివాడితో కాపురం చెయ్యడం దుర్భరంగా ఉండేది. పాత నోటిదురుసు మనిషే కావాలనిపించేది.

సరిగ్గా ఆ వసంతంలోనే ముళ్ళచెట్టు పూత పూసింది.

ఒక టోపీడు కాయలు దిగాయి. బొటనవేలు బాగానే ఉంది కాబట్టి పండిన రోజు పట్టుకున్నాడు. ఒకటి కోసి నా నోట్లో పెట్టి, నా కళ్ళలోకి చూశాడు.

"ఎలా ఉంది?"

"బేరిపండులా ఉంది."

"ఏ బేరిపండులా?"

"నాకేం తెలుసయ్యా, నాకన్నీ ఒకటే!"

ఆయన కళ్ళు తడయ్యాయి. ఆ క్షణంలో నామీద నాకే కోపం వచ్చింది. అన్నేళ్ళు బేరిపళ్ళ మధ్య బతికి, ఒక్క ముక్క నిజం చెప్పలేని నాలుక నాది. మంచిదైతే చెట్టు ఉండాలి, చెత్తదైతే పోవాలి. ఆయన పెట్టుకున్న నియమం అది. రెంటిలో ఏదో తెలియక ఆయన నలిగిపోతున్నాడు.

అక్టోబరులో సంఘం పెట్టిన రుచుల పోటీకి పేరు లేని పళ్ళెంలో ఆ పళ్ళు పెట్టాడు. ఎవరివో అందరికీ తెలుసు. "అద్భుతం" అన్నారు ఫాదరు గారు. "తేనె" అన్నాడు రొట్టెల దుకాణం అచిల్. ఆ ఇద్దరూ పచ్చి బంగాళదుంప పెట్టినా అదే అంటారు. లియోంటీన్ ముక్క తీసుకుంది, కళ్ళు మూసి నమిలింది, బక్కెట్లో ఉమ్మింది.

"మీ కోళ్ళకి పెట్టు. అవి కూడా ఆలోచించుకుని తింటాయి" అంది.

ఆయన ఇంటికి రాగానే గొడ్డలి తీశాడు.

"ఇన్నేళ్ళ కసి తీర్చుకుందయ్యా ఆవిడ! ఆవిడ మాట పట్టుకుని నరుకుతావా?"

"కసో, నిజమో నాకెలా తెలుస్తుందే? అదే కదా నా ఏడుపు" అన్నాడు.

జనవరి దాకా ఆగమన్నాను. ఎందుకంటే మా తోటలవాళ్ళలో పొగడ్తకి విలువ లేదు, అది ఊరికే వస్తుంది. జనవరిలో అంటు కట్టుకోవడానికి పుల్లలు కావాలని గుమ్మం ముందుకొచ్చి అడిగితే అదీ మెప్పు. పెరట్లో చోటు ఖాళీ చేసి, పండు కోసం ఏళ్ళ తరబడి కాచుకోవాలంటే ఎవరూ మర్యాదకి చెయ్యరు.

జనవరి వచ్చింది. "అద్భుతం" అన్న ఫాదరు గారు రాలేదు. "తేనె" అన్న అచిల్ రొట్టె తెచ్చిచ్చి, వాతావరణం గురించి మాట్లాడి, వెళ్ళిపోయాడు. ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చునేవాడు. నెల ఆఖరికొచ్చాక ఒక పొద్దున లేచి, గొడ్డలి భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళాడు. నేను వంటింట్లో నిలబడి మొదటి దెబ్బ కోసం చెవులు మూసుకున్నాను.

దెబ్బ వినపడలేదు. కేక వినపడింది.

"దొంగలు! ఏమే, రావే! మనింట్లో దొంగలు పడ్డారు!"

పరిగెత్తాను. గొడ్డలి మంచులో పడుంది. ఆయన చెట్టుని వాటేసుకుని, ముళ్ళు గుచ్చుకుంటున్నా నవ్వుతున్నాడు. ఎండవైపు కొమ్మల చివర కొత్త రెమ్మలు మాయం. ఎవరో మొగ్గకి పైన ఏటవాలుగా, శుభ్రంగా కోసుకుపోయారు. పైగా చెట్టుకి దెబ్బ తగలకుండా కోతలకి మైనం కూడా రాశారు.

"చూశావా, ఎంత బుద్ధిగా దొంగిలించారో!" అన్నాడు. పెళ్ళినాడు కూడా అంత వెలిగిపోలేదు ఆ మొహం.

అంత పనితనం ఊళ్ళో ఒక్కరిదే. అలా ఇంట్లో చెప్పులతోనే లియోంటీన్ ఇంటికి వెళ్ళాం. కొట్టంలో తడి ఇసుక బక్కెట్టు, అందులో పుల్లల కట్ట. కట్టకి ఒక చీటీ: ముళ్ళ ముసలోడు.

"నా చెట్టువే కదూ ఇవి?" అన్నాడు.

లియోంటీన్ మొహం కందిపోయింది. "అయితే ఏంటి? పోలీసుల్ని పిలువు."

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదా!"

"నిన్ను అడగడమా! చస్తే అడగను. నా కోమీస్‌ని సబ్బు అన్న నోరది."

"మరి ఉమ్మేశావ్?"

"ఉమ్మింది సగమే" అంది ఆవిడ నేల చూస్తూ. "మిగతా ముక్క దాచి ఇంటికి తీసుకెళ్ళి తిన్నాను. నువ్వు తిన్నావుగా, ఎలా ఉందో నీకు తెలీదూ?"

ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"తెలీదు, లియోంటీన్. ఫ్లూ వచ్చినప్పుడు పోయింది నా రుచి. ఏదీ తెలీదు నాకు."

ఇన్నాళ్ళూ ఆయన "బాగుంది, బాగుంది" అన్నవన్నీ ఆవిడ కళ్ళముందు తిరిగి ఉంటాయి. తర్వాత ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, కళ్ళు మూసుకుంది.

"ముందు రసం. గడ్డం మీదికి కారిపోతుంది, పట్టుకోలేవు. తర్వాత తీపి, అయితే మొహం మొత్తే తీపి కాదు. అది అయిపోయిందనుకున్నాక వెనక నుంచి పులుపు, కొంచెం బాదంపప్పు వాసనతో. గింజ దగ్గర కాస్త గరుకు."

"గరుకా? నా పండులో గరుకుండదు!"

"ఉంది! తిన్నది నువ్వా, నేనా?"

"నీకు నమలడం రాదు, అదీ సంగతి."

"నాలుక లేనోడివి, నాకు చెప్పొచ్చావా?"

అరుచుకున్నారు. నా మొగుడు నాకు తిరిగొచ్చాడని సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. అరిచి అరిచి అలిసిపోయి, ఆయన బోర్లించిన బుట్ట మీద కూలబడ్డాడు.

"సరేలే, గరుకుంది" అన్నాడు. "మొదట్నుంచి ఇంకోసారి చెప్పు, లియోంటీన్. నెమ్మదిగా."