మేరీగారి మార్కుల పుస్తకం

ఝాన్సీ సూది గుచ్చితే గుచ్చినట్టు తెలియదని రాజోలులో పేరు. బస్టాండు దగ్గర చిన్న రక్తపరీక్షల ల్యాబులో పద్నాలుగేళ్ళుగా ఆమెదే ఆ పని. "పరగడుపునే వచ్చేరా అండీ?" అని అడుగుతుంది. అవతలివాళ్ళు "ఆయ్" అనేలోగా రక్తం గొట్టంలోకి వచ్చేసి ఉంటుంది. ఇంత మెత్తటి మనిషి పగ పట్టిందంటే చాలామంది నమ్మరు. నమ్మకపోతే వాళ్ళిష్టం. పట్టింది, తీర్చుకుంది. తీర్చుకున్నన్నాళ్ళూ అవతలివాణ్ణి "తమ్ముడూ" అని పిలవడం మాత్రం మానలేదు.

ఆమె తల్లి మేరీగారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత రెండేళ్ళకే షుగరు ఆవిడ కళ్ళు తినేసింది. చదివే అలవాటున్న మనిషికి చూపు పోతే ఇంట్లో గంట గడవడమే కష్టం. టీవీ సీరియళ్ళు వినిపించి చూసింది ఝాన్సీ. "వీళ్ళెవరికీ పనీపాటా లేదేంటే, పొద్దస్తమానం హాల్లో నిలబడి అరుచుకుంటారు?" అని మేరీగారు విసుక్కున్నారు.

అప్పుడు దొరికాయి జపాను బొమ్మల సినిమాలు. ఒకరోజు ఫోనులో ఏదో వెతుకుతుంటే ఒకటి తగిలింది. కింద ఇంగ్లీషులో మాటలు పడుతున్నాయి. ఝాన్సీ అవి చదువుకుంటూ, బొమ్మలో కనిపించేదంతా తెలుగులో తల్లికి చెప్పడం మొదలుపెట్టింది. వాన పడుతోందమ్మా. పిల్ల గొడుగు మరిచిపోయింది. రైలు సముద్రం పక్కనుంచి వెళుతోంది. మేరీగారు మంచం మీద లేచి కూర్చున్నారు. ఆ సినిమాల్లో మనుషులు వంట చేస్తారు, వాకిలి ఊడుస్తారు, బస్సు కోసం ఎదురుచూస్తారు. అవన్నీ ఆవిడకు తెలిసిన పనులే.

జపాను వంటకం పేరు తెలియకపోతే ఝాన్సీ అక్కడ పనసపొట్టు కూరో రొయ్యల ఇగురో పెట్టేసేది. నారింజ తోటలు కొబ్బరి తోటలయ్యేవి. మేరీగారికి ఆ లోకం గోదావరి అవతలి గట్టంత దగ్గరైపోయింది. వాళ్ళు ముద్ద నోట్లో పెట్టేముందు అనే "ఇతదకిమాస్" అన్న మాట విని విని నేర్చేసుకుని, భోజనం ముందు ప్రార్థన అవగానే ఆవిడా అనేవారు.

టీచరుగారు కదా, ప్రతి సినిమాకీ పదికి మార్కులు వేసేవారు. ఆ మార్కులూ, ఆవిడ మాటలూ ఝాన్సీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసిపెట్టేది. పగ తీర్చుకుంటానని వంద భాగాలపాటు శపథాలు చేసే కుర్రాడి గురించి ఆవిడ అన్నది: "ముందు వాణ్ణి అన్నం తినమనవే. ఖాళీ కడుపుతో కత్తి తిప్పితే కళ్ళు తిరుగుతాయి." కొట్టబోయే దెబ్బ పేరు గట్టిగా అరిచి మరీ కొట్టే వీరుడి గురించి: "ఊరంతటికీ చెప్పి కొడతాడేంటే, మీ చిన్నాన్నలాగ?" కొండంత ఇనపమనిషి ఒంటరిగా నిలబడి ఏడ్చే సినిమాకి పదికి పది వేశారు. "అంత పెద్దవాణ్ణి చేసినవాళ్ళు, వాడికో చెల్లిని చెయ్యలేకపోయేరా?" అని ఆ రాత్రి ఆవిడ సరిగ్గా అన్నం కూడా తినలేదు. "అమ్మ ఏడ్చింది" అని ఆ పేజీలో ఉంది.

ఆరేళ్ళలో నూట నలభై సినిమాలూ సీరియళ్ళూ చూశారు ఇద్దరూ. నిరుడు జూన్‌లో మేరీగారు పోయారు. ఝాన్సీకి తల్లి గొంతు మిగిలింది ఆ పుస్తకంలోనే.

జ్ఞాపకార్థ కూడికకి చర్చిలో కీబోర్డు వాయించే ఎబినేజర్ వచ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు, మాటకారి, ఎవరు కనబడినా అక్కా, అన్నయ్యా అనే రకం. బల్ల మీదున్న పుస్తకం తిరగేసి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "చదివి ఇచ్చేస్తానక్కా" అని పట్టుకెళ్ళాడు. జూలైలో గోదావరి పొంగి లంక ఊళ్ళు మునిగాయి. వాడిదీ లంకే. "ఇంట్లోకి నడుముల్లోతు నీళ్ళొచ్చేసేయక్కా, పుస్తకం పోయింది" అని ఫోనులో ఏడ్చాడు. "మీరు ప్రాణాలతో ఉన్నారు, అదే చాలు తమ్ముడూ" అంది ఝాన్సీ. ఫోను పెట్టేశాక రెండోసారి తల్లిని పూడ్చిపెట్టినట్టు ఏడ్చింది.

డిసెంబరులో ల్యాబులో చీటీలు రాసే రేవతి ఫోను పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. "ఈ కుర్రాడు మీ చర్చివాడేనా అక్కా? భలే మాట్లాడుతున్నాడు." తెర మీద ఎబినేజర్, వెనకాల జపాను బొమ్మల పోస్టర్లు. "అంత పెద్దవాణ్ణి చేసినవాళ్ళు వాడికో చెల్లిని చెయ్యలేకపోయారా ఫ్రెండ్స్? నేనా రాత్రి అన్నం తినలేదు" అంటున్నాడు. లక్షా ఎనభై వేలమంది చూశారు. కింద అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు.

ఆ మధ్యాహ్నం ఝాన్సీ వాడి వీడియోలన్నీ వరసపెట్టి చూసింది. ప్రతి మాటా అమ్మదే. ఒకచోట మాత్రం ఆగి మళ్ళీ చూసింది. "ఆ సీన్‌లో వాళ్ళమ్మ పనసపొట్టు కూర వండుతుంది, గుర్తుందా ఫ్రెండ్స్?" అంటున్నాడు. చూసేవాళ్ళు అది హాస్యమనుకున్నారు. హాస్యం కాదు. వాడు ఆ సినిమా చూడలేదు. అసలు ఒక్క సినిమా కూడా చూడలేదు, పుస్తకమొక్కటే చదివాడు, ఇంకా చదువుతూనే ఉన్నాడు.

వెళ్ళి నాలుగు దులిపేద్దామంది రేవతి. "దులిపితే తుడుచుకుంటాడు. వాడి నోటితోనే చెప్పించాలి" అంది ఝాన్సీ. నరం దొరక్కుండా సూది గుచ్చే అలవాటు ఆమెకు లేదు.

తనే ఫోను చేసి మెచ్చుకుంది. వాడు ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకున్నాడు. "గుర్తున్న మాటలు రెండో మూడో వాడేనక్కా, ఏమనుకోకండి. ఇంకేమైనా రాసేరా?" అని అడిగాడు. ఉన్న సరుకు అయిపోయిందన్నమాట.

"రాస్తున్నాను తమ్ముడూ. అయ్యాక పంపిస్తాను."

ఎనిమిది ఆదివారాలు మధ్యాహ్నం పూట కూర్చుని రాసింది. తొమ్మిది నిజం సినిమాలు. పదోది ఎక్కడా లేనిది, పేరు 'దీపం లేని రేవు'. జపానులో ఒక ఏటి లంక. పట్టుదారం తీసే పిల్ల, చూపు లేని తల్లికి రోజూ తోలుబొమ్మలాట కళ్ళకు కట్టినట్టు చెబుతుంటుంది. తల్లి అన్న మాటలు పుస్తకంలో రాసుకుంటుంది. తల్లి పోయాక, గుడిలో వేణువు వాయించేవాడు ఆ పుస్తకం చదివి ఇస్తానని పట్టుకెళ్ళి, వరదలో పోయిందని చెప్పి, ఆ మాటలు తనవిగా సంతల్లో చెప్పి గొప్పవాడవుతాడు. చివరికి పెద్ద సభ. జనంలోంచి ఆ పిల్ల లేచి "మా అమ్మ పుస్తకం ఇచ్చెయ్" అంటుంది. అక్కడితో సినిమా అయిపోతుంది. పక్కన పదికి పది వేసి, బడిలో తల్లి చేసినట్టే దాని చుట్టూ సున్న చుట్టింది.

చదివి రేవతి భయపడింది. "ఇంత పచ్చిగా రాసేరేంటక్కా? గుర్తుపట్టేస్తాడు."

"పట్టనీ. పడితే ఇవాళే పుస్తకం తెచ్చి కాళ్ళ మీద పడతాడు. అదీ మంచిదే."

పట్టలేదు. చదువుతున్నంతసేపూ ఆ పిల్ల పక్షానే ఉన్నాడు కాబోలు. పది రోజుల్లో వీడియో వచ్చింది, 'నా ఆల్‌టైమ్ ఫేవరెట్' అని. నాలుగుసార్లు చూశాడట, నాలుగుసార్లూ ఏడ్చాడట. ఎక్కడ దొరుకుతుందని జనం అడిగితే, జపానులో స్నేహితుడు పంపాడని చెప్పాడు. లేని సినిమాకి లేని స్నేహితుడు, బాగానే కుదిరింది.

ఫిబ్రవరిలో అమలాపురంలో ఒక కాలేజీవాళ్ళు వాడికి సన్మానం పెట్టారు. ఝాన్సీ సెలవు పెట్టి, రేవతిని వెంటబెట్టుకుని బస్సెక్కింది. మూడో వరసలో కూర్చున్నారు. వాడు మైకు పుచ్చుకుని మళ్ళీ అదే కథ ఎత్తుకున్నాడు. ఈసారి ఇంకాస్త ఉప్పూకారం జోడించి ఆ వేణువువాణ్ణి తిట్టాడు. "చచ్చిపోయిన తల్లి మాటలు దొంగిలించేవాడు మనిషేనా ఫ్రెండ్స్?" కాదు కాదు అని హాలంతా అరిచింది. ఝాన్సీకి ఒళ్ళంతా హాయిగా ఉంది. అమ్మ పోయాక ఇంత హాయి ఆమె ఎరగదు.

"అప్పుడు జనంలోంచి ఆ పిల్ల లేచి ఏమంటుందంటే" అని వాడు ఆగాడు.

ఝాన్సీ లేచి నిలబడింది. "మా అమ్మ పుస్తకం ఇచ్చెయ్ తమ్ముడూ."

ఇదంతా కార్యక్రమంలో భాగమనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. వాడు కొట్టలేదు. మైకు పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"మీరెవరండీ?" అని అడిగింది పక్కనున్న అమ్మాయి.

"ఆ సినిమాలో పిల్లని నేనేనమ్మా. ఆ సినిమా ఎక్కడా లేదు, నేనే రాసేను. పట్టుదారం కాదు, రక్తం తీస్తాను. వేణువు కాదు, కీబోర్డు." అప్పటికే వంద ఫోన్లు పైకి లేచాయి. ఎబినేజర్ కుర్చీ పక్కనున్న సంచీలో చెయ్యి పెట్టి, వరదలో పోయిన పుస్తకాన్ని బయటికి తీశాడు. దాని మీద ఒక్క నీటి మరక లేదు.

తిరుగు బస్సులో ఝాన్సీ మనసు కొంచెం మెత్తబడింది. చిన్నవాడు, ఊరంతటి ముందూ పరువు పోయింది, ఇక చాలేమో అనుకుంటూ పుస్తకం తెరిచింది. "అమ్మ ఏడ్చింది" అన్నచోట 'అమ్మ' మీద నల్లసిరాతో గీత ఉంది. పైన 'నేను' అని ఉంది, చివర 'ఏడ్చాను' అని దిద్ది ఉంది. పేజీ తిప్పింది. అక్కడా అంతే. ప్రతి పేజీలో అంతే. ఆమె పుస్తకం మూసేసి, రాజోలులో దిగగానే బస్టాండు దగ్గర ఒక ఎర్ర పెన్ను కొంది.

మర్నాడు సాయంత్రం వాడు ఇంటికి వచ్చి గడపలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పయిపోయిందక్కా. క్షమించేనని ఒక్క వీడియో పెట్టండి. బయట తలెత్తుకోలేకపోతున్నాను."

"లోపలికి రా తమ్ముడూ" అంది. మేరీగారి మంచం పక్కన కింద కూర్చోబెట్టి పుస్తకం, ఎర్ర పెన్ను చేతికిచ్చింది. "మా అమ్మని ఎక్కడెక్కడ కొట్టేసేవో అక్కడల్లా మళ్ళీ రాయి. పైకి చదువుతూ రాయి."

ఒక్క పూటలో అయ్యే పనా అది? నాలుగు రోజులు ల్యాబు వదిలే వేళకి వచ్చి రాశాడు. అమ్మ నవ్వింది. అమ్మ అన్నం తినలేదు. అమ్మ ఏడ్చింది. మొదట్లో గొణిగేవాడు, గట్టిగా అనమనేది. మూడో రోజుకి వాడి గొంతు బొంగురుపోయింది. ఆమె ఆపమనలేదు. మధ్యలో టీ ఇచ్చింది, అది మర్యాద.

నాలుగో రోజు చివరి పేజీ దిద్ది పుస్తకం రెండు చేతులతో అందించాడు. "అయిపోయిందక్కా. ఇక క్షమించినట్టేనా?"

ఝాన్సీ పేజీలన్నీ తిప్పి చూసుకుని, పుస్తకం తల్లి దిండు మీద పెట్టింది.

"అది అమ్మ చేసే పని తమ్ముడూ. అమ్మ లేదుగా. ఆ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళు."