లాహోర్ గది

ఎక్కడ సాంబ్రాణి వాసన తగిలినా, ఎనభైల్లో అమెరికాలో, నోవై అనే ఊళ్లో మా పక్కింటి మేడగది గుర్తొస్తుంది. నాకప్పుడు ఆరేళ్లు.

"మీ ఆవిడ కనబడటం లేదేంటి?" అని అమ్మ డ్రైవ్‌వేలో పక్కింటాయన్ని అడిగింది.

"లాహోర్ వెళ్లింది, బెహన్‌జీ," అన్నారు ఆ పాకిస్తానీ అంకుల్.

తలెత్తి చూస్తే, రోజూ సాంబ్రాణి పొగ వచ్చే ఆ గది కిటికీలోంచి ఆంటీ నాకు చెయ్యి ఊపుతోంది. లాహోర్ అంటే ఆ గదే అనుకున్నాను.

"అమ్మా, లాహోర్ కనిపిస్తోంది!"

అంకుల్ గొంతు తగ్గించారు. "అమ్మాయికి సంబంధం చూస్తున్నాం. తల్లికి మతి బాగాలేదని తెలిస్తే ఎవరూ రారు."

"మేం చెప్పం, భాయ్‌సాబ్," అంది అమ్మ.

మర్నాడు ఆ కిటికీకి లోపల్నుంచి అల్యూమినియం ఫాయిల్ అంటించారు.

డాక్టర్‌కి చూపించకుండా సాంబ్రాణితో, తాయెత్తులతో సరిపెట్టారని పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో మాత్రం నేను రోజూ ఆ ఫాయిల్‌కి చెయ్యి ఊపేవాణ్ణి. లోపల్నుంచి ఆంటీ కూడా ఊపేదో లేదో నాకు తెలియదు.