రెక్కకు ఇస్త్రీ

విమానం రెక్కను చీర అనుకుని ఇస్త్రీ పెట్టి పాడుచేసిన మహాతల్లి అని హిందూపురంలో నాకు పేరు. పెనుకొండలో మా పెద్దాడబిడ్డ ఇదే కథకు ఇంకాస్త తాలింపు వేసి చెబుతుంది. ఆమె చెప్పేదాంట్లో పొగ కూడా లేస్తుంది. పొగా లేవలేదు, రెక్కా కాలలేదు. అసలు రెక్కకు ఇస్త్రీ పెట్టాల్సిందే, దాని పద్ధతే అది. ఈ సంగతి దొరికిన ప్రతి మనిషికీ చెప్పి చూశాను. సగంలో అందరికీ ఏదో పని గుర్తొస్తుంది. అందుకే రాస్తున్నాను. కాగితం మధ్యలో లేచిపోదు.

మా ఆయనకు హిందూపురంలో ఇనప సామాన్లు చేసే లేతు షాపు ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో కొన్నేళ్ళుగా ఇద్దరు కూర్చునే చిన్న విమానం ఒకటి కడుతున్నాడు. ఆ వయసులో కొందరు పేకాటలో పడతారు, కొందరు ప్లాట్ల పిచ్చిలో పడతారు. ఈయన ఇందులో పడ్డాడు, ఇంట్లోనే ఉంటాడు కదా అని ఊరుకున్నాను. ఊరుకున్నాను అంటే చేతులు కట్టుకుని కూర్చున్నానని కాదు. డిగ్రీలో ఫిజిక్సు చదివినదాన్ని కాబట్టి విమానం కట్టే పద్ధతి చెప్పే ఇంగ్లీషు పుస్తకం చదివి వివరించడం నా వంతు. రెక్క లోపలి చెక్క పక్కటెముకలకు జిగురు పూసి, ఆరేదాకా క్లిప్పులు బిగించడం కూడా నా వంతే. ఇంట్లో క్లిప్పులన్నీ షెడ్డుకు చేరడంతో ఆ ఏడాది మా బట్టలు సగం పక్కింటి మిద్దె మీద ఆరాయి. పక్క సీటు నాదని మాత్రం మొదటి రోజే మాట తీసుకున్నాను.

రెక్క చట్రం తయారయ్యాక దానికి గుడ్డ తొడగాలి. షెడ్డులో విమానం మొండెమే పడుకుని ఉండటంతో రెక్క పరచడానికి చోటు లేదు. ధర్మవరంలో మా పుట్టిల్లు మగ్గాల ఇల్లు, ముందు హాలు పొడుగ్గా ఉంటుంది. రెక్కను బొలేరో మీద కట్టుకుని బయలుదేరాం. పెనుకొండలో టీకి ఆగితే ఒక పెద్దాయన వచ్చి బండిని తడిమి చూశాడు.

"ఏమబ్బా ఇది, పెండ్లి పందిరా?"

రెక్క అన్నాను. దేనిదని అడిగాడు. విమానానిది అన్నాను.

"మరి విమానం యాడ?"

"వెనకాల వస్తాండాది."

ఆయన నిజంగానే రోడ్డు వైపు తిరిగి చూశాడు.

ధర్మవరంలో మా నాయన ఎదురుచూస్తున్నాడు. బతుకంతా పట్టు మగ్గం ముందు కూర్చున్న మనిషి. మా వాళ్ళకు లోకంలో గుడ్డలు రెండే రకాలు: బిగువుగా ఉండేది, సిగ్గులేనిది. చీరకు నిలువు దారాలుగా వేసే పడుగును మా వీధి పొడవునా పరిచి రెండు కొసలా లాగుతారు. అందులో ఒక్క పోగు వేలాడితే ఆ ఇంటి పరువు వేలాడినట్టే.

పుస్తకంలోనేమో తేటతెల్లంగా ఉంది. ఈ పాలిస్టర్ గుడ్డను లాగకూడదు. ముడతలు లేకుండా ఊరికే పరిచి అంచులు చట్రానికి అంటించాలి. తర్వాత ఇస్త్రీ పెట్టె వేడికి అదే కుంచించుకుని బిగుస్తుంది. ఇదంతా తెలుగులో చదివి వినిపించాను. మా నాయన పెళ్ళిలో మంత్రాలు విన్నంత శ్రద్ధగా విన్నాడు.

"వదులుగా పరిస్తే గాలికి లుంగీ మాదిరి కొట్టుకోదా? గుడ్డ సంగతి మనకు చెప్పే పుస్తకం ఇంకా పుట్టల్యా పాపా."

మా చిన్నాయనలిద్దరూ గుడ్డకు చెరో కొస పట్టుకున్నారు. నేను వాదించాను. ఆ ఇంట్లో నా వాదన మగ్గం చప్పుడు లాంటిది, దాని కోసం ఎవరూ పని ఆపరు. చివరికి మా ఆయన వైపు చూశాను. విమానం ఆయనది, రెక్క ఆయనది. ఒక్క మాట అంటే చాలు.

"మామ చెప్తాండాడు కదా," అన్నాడు.

మా నాయనా చిన్నాయనలూ ముగ్గురూ కలిసి పడుగును లాగినట్టే లాగి అంటించారు. వేలితో కొడితే డప్పులా మోగింది. అందరూ మురిసిపోయారు. జిగురు బాగా ఆరాక, పుస్తకం చెప్పిన వేడిలోనే ఇస్త్రీ మొదలుపెట్టాను. మొదటి విడతకు ఏమీ కాలేదు. వేడి పెంచిన రెండో విడతలో రెక్క లోపల ఎక్కడో కిర్రుమంది. అప్పటికే లాగి ఉన్న గుడ్డ ఇంకా బిగుసుకుని, సన్నటి వెనక అంచును లోపలికి గుంజేసింది. చూస్తుండగానే రెక్క కొస అప్పడంలా మెలితిరిగింది.

చిన్నాయనలిద్దరూ ఆ కొసను తడిమి చూశారు. తర్వాత మా నాయన, "ఇస్త్రీ ఎక్కువైంది," అన్నాడు. ఊళ్ళో తిరిగే కథ పుట్టింది అక్కడే. మా ఆయన ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు.

తిరుగు దారిలో ధర్మవరం దాటగానే అడిగాను, అట్లా లాగితే ఏమవుతుందో తెలియదా అని. తెలుసన్నాడు. తెలిసీ నోరెందుకు మెదపలేదన్నాను.

"ఆయన ఇంట్లో, ఆయన పట్టిన గుడ్డ. అల్లున్ని, కాదని ఎట్లంటా?"

రెక్క వంకరపోతే మళ్ళీ కట్టుకోవచ్చు. కట్టుకున్నాం కూడా, కొత్త అంచు, కొత్త పక్కటెముకలు, కొత్త గుడ్డ. ఈసారి లాగకుండా పరిచి, నేనే, నా చేత్తోనే ఇస్త్రీ పెట్టాను, అద్దంలా వచ్చింది. కానీ తప్పని తెలిసీ మర్యాదకు నోరు మూసుకునే మనిషి పక్కన కూర్చుని ఆకాశంలోకి ఎట్లా పోతాను? మా నాయన ముఖం మీద, నేను వింటుండగా ఒక్కసారి 'కాదు మామా' అంటేనే ఆ సీటు ఎక్కుతానని చెప్పేశాను. సరే అన్నాడు. సరే అనడంలో ఆయన్ను మించినవాడు లేడు.

ఎగరడానికి ఇంకా అనుమతి రాలేదు గానీ ఇంజను తిరుగుతోంది. ఈమధ్య అది చూడటానికి మా నాయన నా సీటుకు పట్టు ముక్కలతో మెత్త కుట్టించుకుని మరీ వచ్చాడు. విమానం చుట్టూ తిరిగి, తోకను తిప్పే తీగను వేలితో మీటాడు.

"ఇది వదులుగా ఉండాదప్పా. బిగించు."

ఆ తీగ పుస్తకం చెప్పిన కొలతకే ఉంది, కొలిచింది నేనే; ఇంకా బిగిస్తే తోక సరిగ్గా తిరగదు. నేను పొయ్యి ఆపి షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. మా ఆయన నన్ను చూశాడు, మామను చూశాడు, స్పానరు తీసుకుని తోక కిందకి దూరాడు. కాసేపు అక్కడ ఏవో చప్పుళ్ళు చేసి పైకి లేచాడు.

"అయింది మామా."

మా నాయన మళ్ళీ మీటాడు. "ఇప్పుడు సరిగ్గా ఉండాది."

ఆయన్ను రైలెక్కించి వచ్చాక తీగ బిగువు కొలిచే మీటరు పెట్టి చూశాను. ముందు ఎంత ఉందో అంతే ఉంది. స్పానరు తిప్పనే లేదు. అడిగితే నవ్వాడు, విమానమూ చెడలేదు, మామా నొచ్చుకోలేదు కదా అన్నాడు. తెలివైన పనే, కాదనను. కానీ నేను అడిగింది తెలివి కాదు.

పట్టు మెత్త నా సీటు మీదే ఉంది. దాని మీద నేనింకా కూర్చోలేదు. ఆ రెండు సీట్ల మధ్య మోచెయ్యి ఆడించడానికే చోటు లేదు, తోక కిందకి దూరే వీలు అసలే లేదు. పైకి వెళ్ళాక ఏదైనా తేడా వచ్చి, పక్క సీట్లోంచి నేనే తప్పు చెబుతుంటే, అప్పుడైనా ఈయన నోరు తెరుస్తాడా?