నారింజపండు మీద నేర్చుకున్న సూది

నారింజ తొక్కను గోటితో గిల్లగానే ఎగజిమ్మే వాసనకి ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. కారణం నా తెలివితక్కువతనమే. మనిషి ప్రాణం నిలబెట్టడానికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన పౌచ్‌లో నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. జిప్పు బాగుంది, జేబులో చక్కగా పట్టింది మరి.

ఆ పౌచ్ ఇచ్చింది సుభద్ర గారు. కెనడాలోని బర్నబీలో చిన్న మందుల దుకాణం ఆవిడది. మనవైపు నుంచి విద్యార్థులు విమానాలకు విమానాలు దిగుతున్న ఆ ఏళ్లలో, కాలేజీలో చదువుతూ నేను అక్కడ పార్ట్‌టైమ్‌గా అరలు సర్దేవాణ్ణి. నాకు బాస్, మా అందరికీ ఆంటీ. దగ్గుమందు కోసం మన కుర్రాడెవడు వచ్చినా ఆవిడ ఆ నల్ల పౌచ్ ఒకటి చేతిలో పెట్టి పంపేవారు. అందులో నలాక్సోన్ అనే మందు, సిరంజీలు ఉంటాయి. మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్నవాడికి అది తొడలో గుచ్చితే మళ్లీ ఊపిరి అందుతుంది.

"నేను బీరు కూడా తాగను ఆంటీ," అన్నాను నా వంతు వచ్చినప్పుడు.

"నువ్వు తాగవు సరే. నీ పక్క మంచం మీద పడుకునేవాడి సంగతి తెలుసా?" అంటూ ఒక నారింజపండు నా ముందుకు తోశారు. "ఇది తొడ అనుకో. గుచ్చు."

"దీనికి ప్యాంటు లేదాంటీ."

"ప్యాంటు మీంచే గుచ్చొచ్చు. జోకులు తర్వాత."

ఆ కిట్టు నాకు కిట్టలేదు. మందూ సూదులూ ప్లాస్టిక్ కవర్లో కట్టి ఫ్రిజ్ మీద పడేశాను. ఆవిడ మాత్రం ప్రతివాడికీ ఒకే మాట అప్పజెప్పేవారు: ఎవరైనా పడిపోతే అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేయండి, మత్తుమందు దగ్గరుందని ఫోన్ చేసినవాడి మీదా పడినవాడి మీదా కేసు పెట్టకూడదని ఇక్కడ చట్టం ఉంది. ఆ చట్టం ఇంగ్లీషు పోస్టర్లో ఉంటే, మా భయం తెలుగులో ఉండేది. కాలేజీలో చేరిన రోజునే పిల్లలకి వాళ్ల భాషలో ఇది చెప్పాలని ఆవిడ ప్రభుత్వానికి విడవకుండా రాసేవారు. మన తెలుగు సంఘాన్ని ఉగాది సభలో కాసేపు సమయం అడిగితే, అధ్యక్షుడు నా ఎదుటే అన్నాడు: "మన పిల్లలకి అలాంటి అలవాట్లు లేవండీ. పండగపూట ఆ మాటలెందుకు?"

నా రూమ్మేట్ నవీన్‌కి నిజంగానే అలాంటి అలవాట్లు లేవు. గోడౌన్లో రాత్రి షిఫ్టులు చేసి పగలు నిద్రపట్టక, తోటి పనివాడెవడో ఇచ్చిన మాత్ర వేసుకున్నాడు. అందులో మత్తుమందు కలిసి ఉందని వాడికి తెలియదు. ఆదివారం మధ్యాహ్నం, మా బేస్‌మెంట్‌లో నేను అన్నానికి లేపబోతే లేవలేదు. పెదవులు నీలంగా ఉన్నాయి. గొంతులోంచి గురకలాంటి చప్పుడు, మధ్యలో చాలాసేపు ఏమీ లేదు. పౌచ్ లాగి జిప్పు తీశాను. ఇయర్‌ఫోన్స్ జారిపడ్డాయి.

నేను ఫోన్ తీయగానే మా మూడో రూమ్మేట్ కిరణ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దురా. పోలీసులొస్తరు. స్టడీ పర్మిట్ క్యాన్సిల్ జేస్తరు. ముగ్గురం పోతం."

"వాడు ఊపిరి తీస్కుంటలేడు కిరణ్."

"జర ఆగు. నీళ్లు గొట్టి చూద్దాం."

నేను ఆగలేదు కానీ, అంతకంటే పెద్ద తెలివి చూపించాను. 911కి కాకుండా ఆంటీకి చేశాను.

"911కి చేశావా?"

"ఇంకా లేదాంటీ, మీరైతే ఏదైనా..."

ఫోన్ పెట్టేశారు.

అప్పటికి బుద్ధొచ్చింది. 911 నొక్కి స్పీకర్లో పెట్టి, ఫ్రిజ్ మీది కవరు చించాను. మందుసీసా మెడ విరిచేటప్పుడు వేలు తెగింది. నారింజపండే అనుకుని, ప్యాంటు మీంచి తొడలో గుచ్చాను. ఫోన్లో 911 ఆపరేటర్ లెక్క చెబుతుంటే నవీన్ నోట్లోకి ఊపిరి ఊదాను. కిరణ్ ఏడుస్తూ వెళ్లి అంబులెన్స్ కోసం తలుపు తెరిచి నిలబడ్డాడు. వాళ్లు లోపలికి వస్తుండగా నవీన్ ఛాతీ దానంతటదే ఎగిసింది.

వాళ్ల వెనకే పోలీసాయన వచ్చాడు. అలాంటి మాత్రలు ఇంకా ఉన్నాయా అని అడిగి, మా పేర్లు రాసుకుని వెళ్లిపోయాడు. ఎవరి పర్మిటూ పోలేదు. ప్రభుత్వం ఒక వాక్యాన్ని చట్టంలో రాయబట్టి ఆయన అలా వెళ్లాడు. దాన్ని మా భాషలో చెవిలో పోరిన మనిషి ఉండబట్టి నేను ఫోన్ చేశాను. రెండింట్లో ఏది లేకపోయినా నవీన్ లేడు.

మర్నాడు ఆంటీకి ఇయర్‌ఫోన్స్‌తో సహా జరిగిందంతా చెప్పి నిష్ఠూరంగా అడిగాను, ఫోన్ ఎందుకు కట్ చేశారని.

"నేను మాట్లాడుతుంటే నువ్వు వింటూ కూర్చునేవాడివి నాయనా. వాడు పోయేవాడు," అని కొత్త పౌచ్ ఇచ్చారు. "పాటలు వేరేచోట పెట్టుకో."

ఆవిడ దుకాణం అమ్మేసి విన్నిపెగ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. నేను ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడి, మొన్నటి ఉగాదికి సంఘం భోజనాల బాధ్యత నెత్తిన వేసుకున్నాను. క్యూ మొదట్లో బల్ల వేసి, నారింజపండ్లు, నల్ల పౌచ్‌లు పేర్చి, పండుకి సూది గుచ్చినవాళ్లకే పులిహోర ప్లేటు అన్నాను. క్యూలో మొదట నిలబడింది, ఎప్పటిలాగే, అదే అధ్యక్షుడు. ఆయన గుచ్చిన చోటు నుంచి రసం చిమ్మి పట్టులాల్చీ మీద పడింది.

"పేషెంటుకి ఇంకా ఊపిరి అందలేదు సార్. మళ్లీ గుచ్చండి," అన్నాను, వెనకాల జనం నవ్వుతుండగా.

మళ్లీ గుచ్చాడు. ప్లేటు తీసుకుని కదలకుండా నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు: "మావాడు ఈ సెప్టెంబర్లో కాలేజీకి వెళ్తున్నాడయ్యా. ఆ పౌచ్ ఒకటి ఇస్తావా?"

ఇచ్చాను. అందులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను.